మాస్టారి అయిదు వేళ్ళు

డీఎన్ఏ పాఠం వచ్చిందంటే మా కెమిస్ట్రీ మాస్టారు చాక్‌పీసు పక్కన పెట్టి అయిదు వేళ్ళూ చాపేవారు. వేలికొక పేరు: కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, ఫాస్ఫరస్. "నా డీఎన్ఏలో ఇవే, నీ డీఎన్ఏలో ఇవే, కడియం నర్సరీలో బంతి మొక్కకీ ఇవేనమ్మా. ఆరోది ఉంటే నాకు చూపించండి" అనేవారు.

పోయినేడాది శుభలేఖ ఇవ్వడానికి నన్ను చేసుకోబోయే అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మాస్టారు ఆప్యాయంగా కూర్చోబెట్టి ఊరు అడిగారు. "ద్రాక్షారామం దగ్గరండి" అన్నాడతను.

"ఊళ్ళో ఏ వీధి బాబూ?"

మా వైపు వీధి చెబితే కులం చెప్పినట్టే. అతను దాచకుండా చెప్పాడు. మాస్టారు శుభలేఖ విప్పకుండానే బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి నన్నడిగారు. "మీ నాన్నగారు ఒప్పుకున్నారా అమ్మా?"

"ఆరోది కనిపించిందాండీ మాస్టారూ?" అనేశాను.

"పాఠం వేరు, పెళ్ళి వేరమ్మా" అన్నారు, చాలా మామూలుగా.

పెళ్ళికి రాలేదు. నాకు ఒళ్ళు మండేది అందుకు కాదు. ఇప్పుడు నేనూ అదే పాఠం చెబుతున్నాను. ఎంత వద్దనుకున్నా, ఆ పేర్లు రాగానే నా చెయ్యి అచ్చం ఆయన చెయ్యిలాగే పైకి లేస్తుంది. అంతకంటే బాగా చెప్పడం నాకు ఇంకెవరూ నేర్పలేదు.