ఎడమ భుజం మీద చెయ్యి

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను. మా నాన్నకి నరసన్నపేటలో టైర్ల కొట్టు ఉంది కదా, ఆ కొట్టు తాళాలు కళ్ళకద్దుకుంటే గానీ ఆయన పొద్దున షట్టరెత్తడు. ఆ తాళాల మీద ఒట్టు. జరిగింది. నాకే జరిగింది.

నేను ర్యాలీల్లో కారు తోలతాను, ఎయిర్ పిస్టల్ పోటీల్లో కాలుస్తాను. ఆడపిల్లకి ఒక పిచ్చి చాలదా, రెండెందుకూ అని మా వీధిలో అనని మనిషి లేడు. రెండూ వేరు వేరు ఆటలని అందరూ అనుకుంటారు. నాకలా ఉండదు. రెండిట్లోనూ వణక్కూడదు, అంతే. పిస్టల్ ఎత్తాక సగం ఊపిరి వదిలి, మిగతా సగం బిగబట్టి, లోపల అంతా నిమ్మళించాక నొక్కుతాం. పెద్ద మలుపు ముందు కారులో కూడా నేను అదే చేస్తాను.

ఇంకో సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. ర్యాలీ కారులో ఇద్దరుంటారు. తోలేది నేను. పక్కన కూచుని దారి చెప్పేది మా బావ రమణ, మా అక్క మొగుడు. గరివిడిలో స్పేర్ పార్టుల కొట్టు ఆయనది. పోటీకి ముందు దారంతా నెమ్మదిగా తిరిగి మలుపులన్నీ రాసుకుంటాడు. తర్వాత ఆయన చెప్తాడు, నేను తిప్పుతాను. దారి నేను గుర్తుపెట్టుకోను. "నువ్వు గుర్తెట్టుకున్నావనుకో, నా మాట ఇనవు. ఇనకపోతే ఇద్దరం పోతాం" అని మొదటిరోజే చెప్పాడు. నేనూ అలాగే అలవాటు పడ్డాను. వందసార్లు తిరిగిన దారైనా సరే, ఆయన నోరు తెరవకపోతే నేను గుడ్డిదాన్ని.

గరివిడి బయట పాత మాంగనీసు గనులున్నాయి. ఎర్రమట్టి దారులు, నల్లరాయి గుట్టలు, ఎక్కడపడితే అక్కడ నీళ్ళు నిండిన గోతులు. మేం ప్రాక్టీసు చేసేది అక్కడే. ఆ వారం మా హెల్మెట్లలో మైకు పాడైంది. ఇంజను మోతలో మాట వినపడదు కదా... అందుకని బావ నా ఎడమ భుజం మీద కొట్టి దారి చెప్పేవాడు. ఒక దెబ్బ ఎడమకి. రెండు కుడికి. అరచెయ్యి మొత్తం ఆన్చి నొక్కితే... ఆగిపో. మాకిది పాత అలవాటే.

ఆ రోజు మసకచీకటి పడేసరికి వాన పట్టుకుంది. ప్రాక్టీసు ఆపేశాం. అక్కడొక పాత పంపు షెడ్డులో జాకీ, చక్రాలు పెట్టుకుంటాం. బావ ఆ చక్రాల సందులో చెయ్యి పెట్టి తీశాడు. "ఛ" అని విదిలించాడు.

"ఏటయ్యింది బావా?"

"సీమ కుట్టినట్టున్నాది."

"సూడు ఓసారి."

"సీమకి కూడా సూడాలేటే? ఎక్కు. మీ అక్క తినకుండా కూసుంటాది."

ఎక్కాం. గనులు దాటి రైల్వే గేటు దగ్గరికొచ్చేసరికి గేటు పడి ఉంది. అడ్డంగా గూడ్సు. కదలదు. వైపర్లు కీచు... కీచు... మంటున్నాయి. బావ ఎప్పుడూ వాగుతూనే ఉంటాడు, నోరు మూతపడదు. అలాంటిది చప్పుడు లేదు.

"మరదలా..." అన్నాడు చాలాసేపటికి. "రెప్పలు ఎత్తలేకపోతన్నానే."

మొదట నిద్రనుకున్నాను. తర్వాత ఆ గొంతు విన్నాను. నాలిక మడతపడుతోంది. ఫోను లైటు వేసి ఆయన చేతివేళ్ళు చూశాను. చూపుడువేలు పక్కన రెండు చుక్కలు. సూదిమొనంత. రక్తం లేదు, వాపు లేదు. కట్లపాము. నొప్పి తెలియకుండా కరిచేది అదే. మా వైపు పిల్లల్ని అడిగినా చెప్తారు. తెలిసీ ఇద్దరం చీమ అనుకున్నాం.

వానలో గేటుమాన్ గది దగ్గరికి పరిగెత్తాను. తలుపు బాదాను. 

"ఇంజను ఫెయిలయిపోనాదమ్మా. ఎప్పుడు కదుల్తాదో తెల్దు" అన్నాడు ఆయన. విషయం చెప్పాను. ఆ పెద్దాయన మొహం పాలిపోయింది. "గనుల్లోంచి ఎనకదారి ఉన్నాది. రైలుకట్ట కింద బండి దూరే తూము దాటితే తారురోడ్డు ఎక్కుతాది. కానీ ఈ వానలో... సీకట్లో... గోతులమ్మా."

108కి చేశాను. బండి ఎక్కడో దూరాన ఉందట. ఎదురుచూడమన్నారు. ఎలా చూస్తాను చెప్పండి? వెనక్కొచ్చేసరికి బావ సీట్లోంచి జారిపోతున్నాడు. చేతులు బొమ్మ చేతుల్లా వేలాడుతున్నాయి. రెండూ ఎత్తి ఒళ్ళో పెట్టాను. వాటి మీదుగా బెల్టు లాగి, కదలకుండా గట్టిగా బిగించాను. ఇది గుర్తుంచుకోండి. రెండు చేతులూ బెల్టు కింద. నేనే బిగించాను.

బండి వెనక్కి తిప్పి గనుల్లోకి పోనిచ్చాను.

వెనకదారి మేం రోజూ తిరిగేదే. బావకి కళ్ళు మూసుకున్నా తెలుసు. నాకు మాత్రం ఒక్క మలుపు గుర్తులేదు. ఆయన రాసుకున్న నోట్సు సీటు కింద తడిసి ముద్దయింది. లైట్ల ముందు వాన తెరలా ఉంది. మూడో నాలుగో వంపులు అందాజాగా తిప్పాను. ఒక రాళ్ళగుట్ట దగ్గర దారి చీలింది. ఆపాను.

పక్కన బావ ఊపిరి... గుర్... గుర్... మధ్యలో చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ గుర్... ఆయన జేబులో ఫోను మోగింది. అక్క. దాని గొంతు వింటే నేను పనికిరాకుండా పోతానని ఎత్తలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది.

"బావా! ఎటు? ఒక్కసారి సెప్పు బావా! నీకు దండమెడతాను, ఎటెళ్ళాలో సెప్పు!" 

అరిచాను. ఏడ్చాను. స్టీరింగుకేసి తల కొట్టుకున్నాను. అప్పుడు...

నా ఎడమ భుజం మీద... ఒక దెబ్బ పడింది.

టప్.

ఎలా ఉందంటే... రోజూ ఉండేలాగే. వేళ్ళ కొసలతో, తేలిగ్గా. బావకి స్పృహ ఉందనుకున్నాను! నా ఆనందం ఏం చెప్పను! "శభాష్ బావా, కొట్టు, నేను తిప్పుతాను" అని ఎడమకి తిప్పాను. పక్కకి చూడలేదు. తోలేటప్పుడు నేను పక్కకి చూడను.

టప్ టప్. కుడి. తిప్పాను. దారి ఉంది.

టప్. ఎడమ. దారి ఉంది.

గేరు మార్చాను. వేగం పెంచాను. భయం పోయింది. బురద అద్దం మీద చిందుతోంది, కారు తోక ఊగుతోంది, ఫోను మోగుతూనే ఉంది... నేను ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. అక్క పులుసు పెట్టిందంటావా, రేపు మైకు బాగుచేయిద్దామా, ఏదిపడితే అది. దెబ్బ పడడం, నేను తిప్పడం.

తర్వాత దారి తిన్నగా పడింది. రెండు పక్కలా తుప్పలు. నాకే తెలుస్తోంది, ముందు ఇక ఏమీ అడ్డు లేదని. కాలు నొక్కేశాను.

అప్పుడు... అరచెయ్యి.

మొత్తం అరచెయ్యి. ఐదు వేళ్ళూ తెలిశాయి. భుజం మీద ఆని... నెమ్మదిగా కాదు... నన్ను సీటులోకి కుక్కేసేంత గట్టిగా నొక్కింది. ఊపిరి బిగబట్టాను. బ్రేకు తొక్కాను. కారు జారింది... జారింది... అటూ ఇటూ ఊగింది... ఆగింది. ఇంజను ఆగిపోయింది. 

వాన చప్పుడొక్కటే. 

లైట్ల ముందు దారి లేదు. నీళ్ళు. నల్లగా, వాన చినుకులకి సలసల కాగుతున్నట్టు. గోతి గట్టు కోసుకుపోయి దారిని మింగేసింది. ముందు చక్రానికీ నీటికీ మధ్య నేను పడుకుంటే సరిపోయేంత చోటుంది, అంతే.

తాళం తిప్పాను. పట్టలేదు. మళ్ళీ తిప్పాను. "అమ్మా తల్లీ, పట్టవే" అని డాష్‌బోర్డు మీద కొట్టాను. పట్టింది. వెనక్కి తీశాను. టప్ టప్... కుడి పక్క తుప్పల్లోంచి లారీలు తిరిగిన జాడ. దాన్ని పట్టుకుంటే తూము వచ్చింది. తూము దాటితే తారురోడ్డు, దీపాలు.

దీపం వెలుగు కారులో పడింది. అప్పుడు చూశాను పక్కకి.

బావ తల అద్దానికి ఆని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రెండు చేతులూ... ఒళ్ళోనే ఉన్నాయి. బెల్టు కిందే. నేను బిగించినట్టే, ఒకదాని మీద ఒకటి. బెల్టు చర్మంలోకి దిగి గీత పడింది.

నేను ఆ చేతుల్నే చూస్తున్నాను... చూస్తుండగానే...

నా భుజం మీద చెయ్యి వాలింది.

నొక్కలేదు. కొట్టలేదు. ఊరికే వాలి ఉంది. నేను నిలువునా తడిసి వణుకుతున్నాను కదా... ఆ చెయ్యి పొడిగా ఉంది. వెచ్చగా ఉంది. వెనక సీటు మా కారులో ఉండదు, తీసేశాం, బోల్తా పడితే కాసే ఇనపగొట్టాలే ఉంటాయి. వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. విజయనగరంలో ఆసుపత్రి గేటు వచ్చేదాకా అది అలాగే ఉంది.

బావని లోపలికి తీసుకుపోయి గొట్టం వేశారు, మిషను పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి నిలిచిపోయేదన్నారు. అక్క ఎవరి ఆటోలోనో వచ్చింది. వస్తూనే నా రెండు చెంపలూ వాయించింది. 

"ఫోనెత్తవేటే? నా మనిషి ఉన్నాడా లేడా? అది సెప్పవే ముందు!" 

"ఉన్నాడక్కా" అన్నాను. నన్ను పట్టుకుని నేలమీద కూలబడి ఏడ్చింది. 

కొన్నాళ్ళకి గొట్టం తీశారు. బావ కళ్ళు తెరిచాడు. మాట పీలగా వస్తోంది. అక్క కాఫీకి కిందికి దిగగానే నన్ను దగ్గరికి రమ్మన్నాడు. 

"నాకన్నీ ఇనపడ్డాయే. కదల్లేను, కన్ను తెరవలేను గానీ నీ ఏడుపంతా ఇన్నాను" అన్నాడు. "నిద్దరోతే సచ్చిపోదునే. నువ్వే పోనివ్వలేదు."

"నేనేటి సేసినాను బావా?"

"అదేటే? దారి పొడుగునా నా సేతి మీద కొడతనే ఉన్నావు కదా. ఒకటి... రెండు... ఒకటి. నాకే దారి సెప్తన్నావేటని లోపల నవ్వుకున్నాను."

నా రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. గేరుకి తప్ప వదల్లేదు. ఆయన చేతులు బెల్టు కింద ఉన్నాయి.

ఒక ఆశ మిగిలింది నాకు. పిచ్చి ఆశే. ఆయనకి దారి తెలుసు కదా, ఆయన మనసులో అనుకున్నదే ఎలాగో నాకు తగిలిందేమో అని. అడిగాను. "బావా, ఆ తిన్నని దారిలో నన్ను ఆగమన్నది నువ్వే కదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. 

"నేనైతే తిన్నగా పొమ్మందును. అది తెగిపోయినాదని నాకేటి తెలుసే?" అన్నాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "అక్కడ నా సెయ్యి మీద కూడా గట్టిగా నొక్కినాది. నువ్వు కాదా?"

అక్క కాఫీ తెచ్చింది. తాగాం.

ఇక్కడితో అయిపోతే ఇంత బాధపడను. మొన్న రాష్ట్రం పోటీలకి ఎంపిక. నేనెన్నాళ్ళుగా ఎదురుచూశానో మీకు తెలుసు. బాగా కాలుస్తున్నాను. ఆఖరి గుండు. పిస్టల్ ఎత్తాను. సగం ఊపిరి వదిలాను. మిగతా సగం బిగబట్టాను. లోపల నిమ్మళించింది...

భుజం మీద అరచెయ్యి ఆని నొక్కింది.

ఎదురుగా ఏముంది? కాగితం. నల్లచుక్క. అవతల గోడ. గోతి లేదు, నీళ్ళు లేవు, ఏమీ లేదు. నొక్కితే నా పేరు జాబితాలో ఉంటుంది. కానీ పిస్టల్ దించేశాను. మళ్ళీ ఎత్తాను. మళ్ళీ నొక్కింది. టైము అయిపోయింది. కోచ్ సారు అందరి ముందూ అరిచారు, ఏమైందమ్మా నీకు అని. ఏం చెప్పను? గురి తప్పిందని చెప్పుకోవచ్చు. చెయ్యి ఆపిందని ఎవరికి చెప్పుకుంటాను?

ఇంట్లో ఎత్తినా అంతే ఇప్పుడు. ఆఖరి క్షణంలో, ఆ చెయ్యి. బావకి చెప్పాను. అక్క వద్దని మొత్తుకుంటున్నా ఆయన మళ్ళీ నా పక్కన కారెక్కుతున్నాడు. ఆయన గడ్డం గోక్కుని "కాల్సెయ్, ఏటవుతాది" అన్నాడు. అని, మళ్ళీ తనే "వద్దులే" అన్నాడు.

మీరైతే కాలుస్తారా? ఆ రాత్రి ఆగమంటే ఆగాను. మా బావ బతికాడు, మా అక్క మెళ్ళో తాళి ఉంది. ఇప్పుడూ అదే చెయ్యి. అదే వెచ్చదనం. ఇప్పుడెవరిని కాపాడుతోందో నాకు తెలీదు. అసలు కాపాడుతోందో, నా బతుకుతో ఆడుకుంటోందో కూడా తెలీదు. ఒక్కసారి మాట వినకుండా నొక్కేస్తే తేలిపోతుంది. ఆ తేలేది ఎవరి మీద తేలుతుందో అని... రోజూ పిస్టల్ ఎత్తుతున్నాను, దించేస్తున్నాను.