బ్లాగులో పైన ఎవరు, కింద ఎవరు

టీ తాగాలన్నా అది ఏ పార్టీవాడి అంగడో చూసుకుని తాగిన రోజులవి. జమ్మలమడుగు పక్క పల్లెలో హైస్కూలు అయ్యవారిగా చేరిన కొత్తలో నాకు ముక్కు మీద కోపం, దానికి తోడు పిల్లల్ని ఉద్ధరించాలన్న పిచ్చి. వ్యాసాలు బట్టీ కొట్టే పిల్లల చేత సొంతంగా రాయించాలని తరగతి పేరు మీద ఒక బ్లాగు తెరిచాను. వాళ్ళు కాగితం మీద రాసిస్తే, ప్రొద్దుటూరు నెట్ సెంటర్లో కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ నేనే కొట్టేవాణ్ణి. (పులివెందులలో మా అమ్మకు మాత్రం "కంప్యూటరు ఉద్యోగం" అని గొప్పగా చెప్పుకున్నాను.)

మొదట ఎక్కించింది ఊళ్ళో ఒక పార్టీ పెద్దాయన మనవడి రాత, వేరుశనక్కాయలు పీకడం గురించి. తర్వాత గొర్రెలు మేపుకునేవాళ్ళ అమ్మాయిది. తప్పిపోయిన గొర్రెపిల్లను ముళ్ళకంపల్లో వెతకడం గురించి ఎంత బాగా రాసిందో! "మా నాయన బడి మాన్పిచ్చి మందెనక పొమ్మంటాండాడు సార్. ఆదివారం పిల్చుకొస్తా, కంప్యూటర్లో నా రాత చూస్తే మనసు మారుతాదేమో" అంది. ఆఖరున రెండో పార్టీ పెద్దాయన మనవడిది ఎక్కించాను. సోమవారం పొద్దున్నే మొదటి పెద్దాయన నలుగురు మనుషులతో జీపు దిగాడు.

"ఏంది సారూ, మావాని రాతను అడుగుకు తోసి, వాళ్ళవానిది నెత్తిన పెట్టినావంట?"

"కొత్తగా ఎక్కించింది పైకొస్తాది పెద్దాయనా. అది కంప్యూటరు చేసే పని."

"ఆ కంప్యూటరు ఎవురి పార్టీ?"

ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ పైనుందో చూసి తలలు పగలగొట్టుకునే మనుషులకు ఏం చెప్పాలి, నా తలకాయ! ఆ సాయంత్రమే బస్సెక్కి పోయి, తేదీలు మార్చి, ఆయన మనవడి రాతను పైకి తెచ్చాను. మర్నాడు రెండో పెద్దాయన జీపు వచ్చింది. హెడ్మాస్టరు నన్ను పక్కకు లాగి, "అన్నీ పీకెయ్యప్పా, నేను పిల్లలు గలోణ్ణి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మనవళ్ళవి రెండూ పీకేసి, అమ్మాయిది మాత్రం ఉంచాను. ఏం చేసుకుంటారో చేసుకోనీ అనుకున్నాను.

ఆదివారం తండ్రీకూతుళ్ళు నెట్ సెంటర్‌కు వచ్చారు. ఆ పిల్ల చదువుతుంటే ఆయన తలగుడ్డతో కళ్ళొత్తుకున్నాడు. తర్వాత చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"బడికి పంపిస్తా సార్, మాటిస్తాండా. దీన్ని మాత్రం తీసేయి. ఆ రెండిండ్లోళ్ళవి లేకుండా మా పిల్లది ఒక్కటే ఉంటే ఊర్లో మేం బతకాల్నా, వద్దా?"

నా చేత్తోనే తీసేశాను. ముగ్గురం ఎక్కిన తిరుగు బస్సులో కడుపు మండి, ఆ పెద్దమనుషులిద్దరినీ, వాళ్ళ జీపుల్నీ, మీసాల్నీ కలిపి గట్టిగా తిట్టడం మొదలుపెట్టాను. కండక్టరు నా చెవిలో, "మెల్లగా సార్, రెండు పార్టీలోళ్ళూ ఈ బస్సులోనే ఉండారు" అన్నాడు.

అంతే, జమ్మలమడుగు వచ్చేదాకా నేను నోరెత్తితే ఒట్టు. ముందు సీట్లో ఆ పిల్ల మాత్రం గొర్రెపిల్ల కథను తండ్రికి మళ్ళీ మొదటి నుంచి, బస్సంతా వినబడేలా చెబుతూనే ఉంది. దాని వెనక నోరు మూసుకుని కూర్చున్న ఆ కుర్ర అయ్యవారిని తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. పాపం, నవ్వు కూడా వస్తుంది.