గాలికి తిరిగే క్రేన్

స్పెయిన్‌లో తొలేదో నగరం దగ్గరి ఆ ఊళ్లో ఇరవై రెండేళ్లు క్రేన్ మీద కూర్చుని కిందికి చూసిన ఎయుసేబియో, ఈ నాలుగేళ్లుగా కింద కూర్చుని క్రేన్‌ను చూస్తున్నాడు. పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకుని, చంకలో నిన్నటి రొట్టెతో, సగంలో ఆగిపోయిన అపార్ట్‌మెంట్ల ఎదుట బెంచీ మీద చేరతాడు. కుడి బొటనవేలు మాత్రం ఊరుకోదు; లేని మీటను ముందుకీ వెనక్కీ నెడుతూనే ఉంటుంది. పని ఆగిన రోజు క్రేన్ బ్రేకు వదిలి దిగింది అతనే. గాలితో పాటు తిరగనివ్వకపోతే అది కూలుతుంది. అది తిరిగినప్పుడల్లా రొట్టెల కొట్టు రెమెదియోస్ గడప దాకా పరుగెత్తుకొస్తుంది. ఆమె కొడుకులిద్దరూ తాపీపనివాళ్లు, పని లేక ఇంట్లోనే పడుకుని ఉంటారు.

"ఏమయ్యా, తిరుగుతోందే! పని మొదలెట్టారా?"

"లేదక్కా, గాలి."

"నీ నోట ఒక్క మంచిమాటా రాదు కదా!"

నిన్నటి గాలికి ఆరేసిన దుప్పట్లు వీధులు దాటాయి. క్రేన్ మాత్రం కదల్లేదు. తుప్పుతో బిగుసుకుపోయిందని ఎయుసేబియోకి చూడగానే అర్థమైంది. మునిసిపాలిటీకి పరుగెత్తాడు. పొదుపు పేరుతో ఇంజనీరు ఉద్యోగమే తీసేశామని, కాగితం రాసిచ్చి పొమ్మని అన్నారు. తిరిగొచ్చి కూర్చునేసరికి రెమెదియోస్ ముఖం వెలిగిపోతోంది.

"ఇంత గాలికీ కదలట్లేదంటే, పైన ఎవరో పనిలోకి ఎక్కి బ్రేకు పట్టుకున్నట్టే కదయ్యా!" అని, లోపలికి తిరిగి, "ఒరేయ్, లేవండ్రా! తాపీలు ఎక్కడ పడేశారో వెతకండి!" అని కేకేసింది.

ఎయుసేబియో కాదనబోయి, లోపల తాపీలు వెతికే చప్పుడు విని, తలెత్తి క్రేన్ వైపు చూశాడు. ఒళ్లోని బొటనవేలు, నాలుగేళ్లలో మొదటిసారి, కదలకుండా ఉండిపోయింది.