తాడు దించినవాళ్లు

దయ్యాల మాట ఎత్తితే నాకు చిరాకు. పడవలవాళ్ల ఇంట్లో పుట్టి, పడవలవాళ్ల ఇంటికే కోడలిగా వచ్చినదాన్ని. మావాళ్లు ఎన్ని రేవుల్లో పడుకున్నారో లెక్కలేదు. ఒక్కరినీ దయ్యం పట్టలేదు, దోమలు మాత్రం పీక్కుతిన్నాయి. ఇప్పటికీ నేను నమ్మను. అయినా ఆ పగలు జరిగింది జరిగినట్టే చెబుతాను.

అరవైల్లో మాట. కోట అనే ఊరికి తూర్పున, బకింగ్‌హాం కాలువ పక్కన మా పల్లె. మా ఆయన గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాడు. సరుగుడు కట్టెలు, ఉప్పు మద్రాసుకు పోయేవి. తర్వాత తుఫానుకు కాలువ పూడిపోయింది, మా వైపు పడవలు ఆగిపోయాయి. ఆయన కూలిపనికి పోసాగాడు.

లాగేవాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. రెండు పడవలు ఎదురుపడితే ఖాళీ పడవవాళ్లు తాడు వదులు చేసి, గట్టు మీద దించి, పక్కన కూర్చోవాలి. బరువు పడవ లాగేవాళ్లు దూరం నుంచే కేక వేసి, ఆ తాడు దాటుకుని పోతారు. బరువు పడవ ఎవరి కోసమూ ఆగదు.

పడవలు ఆగిపోయిన రెండు మూడేళ్లకు జరిగింది ఇది. మా కూతురు చెంగమ్మకు అప్పుడు నాలుగేళ్లు. వాంతులు, విరేచనాలు పట్టుకుని బిడ్డ తోటకూర కాడలా వాడిపోయింది. నాటు మందు పని చేయలేదు. అంతకుముందు ఒక బిడ్డను అలాగే పోగొట్టుకున్నాను. ఇది కూడా పోతే నేను బతకను. బండి దొరకలేదు. తెల్లవారగానే బిడ్డను చంకనేసుకుని ఆయనతో బయలుదేరాను. గట్టు వెంట పోయి, కోట దారి ఎక్కి ఆసుపత్రి చేరాలి.

చిన్నప్పటి నుంచి తెలిసిన గట్టే, గుర్తుపట్టలేకపోయాను. కాలువ నిండా జమ్ము, తుంగ. పడవలు తిరిగిన చోట కొంగలు గూళ్లు పెట్టుకున్నాయి. తుమ్మకంప దారికి అడ్డం పడి చీర చింపేసింది. మామూలు రోజైతే అందంగానే ఉండేదేమో. ఆ రోజు ప్రతి మొక్కా నా బిడ్డ మీద పగబట్టినట్టే అనిపించింది.

ఎండ ముదిరింది. చెంగమ్మ మూలగడం మానేసింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అక్కడ మా ఆయన ఉన్నట్టుండి పక్కకు తప్పుకుని కూర్చున్నాడు.

"కూచోమే. బరువు పడవ వస్తా ఉండాది. కేక ఇనబళ్లేదా?"

నాకు ఏ కేకా వినబడలేదు. కాలువలో పాదం మునిగేన్ని నీళ్లు కూడా లేవు. చేతిలో బిడ్డ పోతుంటే ఈయన పాత అలవాటు కొద్దీ లేని పడవకు దారి వదులుతున్నాడు. కడుపు మండిపోయింది. చెయ్యి పట్టి లాగాను. లేవలేదు.

అప్పుడు చూశాను. గాలి లేదు. అయినా ఎదుటి నుంచి జమ్ము వరసగా ఒరుగుతూ మా వైపు వస్తోంది, పై నుంచి తాడు రాసుకుంటూ పోతే ఒరిగేటట్టు.

భయపడాల్సింది. నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. బిడ్డను రెండు చేతులా ఎత్తి చూపించాను.

"బరువు మాదయ్యా. బిడ్డ పోతా ఉండాది. మీరే దించండి తాడు," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

జమ్ము ఆగింది. మెల్లగా నిటారుగా నిలబడింది. మా ఆయన లేచాడు.

"దించినారు. దాటు," అన్నాడు.

కాస్త ముందుకు పోయేసరికి నా అరికాలికి తడి తాడు తగిలింది. కట్టెల పడవకు వాడే లావుపాటి కొబ్బరితాడు, తొక్కితే తెలియదా నాకు? వంగి చూస్తే ఎండు మట్టి. కాలు మాత్రం తడిసింది. దాటుకుని, వెనక్కి తిరగకుండా నడిచాను.

ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇంకాస్త ఆలస్యమైతే బిడ్డ దక్కేది కాదని నర్సమ్మ చెప్పింది. చెంగమ్మకు ఇప్పుడు మనవలు.

తిరిగి వచ్చేటప్పుడు ఆ చోటంతా వెతికాను. నీటి చెమ్మ లేదు, తాడు ముక్క లేదు. ఎండదెబ్బ అనుకుందామంటే ఇద్దరికీ ఒకేలా తగలదు కదా. మా ఆయన బతికున్నన్నాళ్లూ ఒకటే మాట చెప్పాడు. విన్నది బరువు పడవ కేకేనని.

నేనేమీ తేల్చుకోలేకపోయాను. కానీ బరువు మీద ఆగిన పడవను మళ్లీ కదిలించాలంటే లాగేవాళ్ల ప్రాణం పోతుంది, పడవలవాళ్ల ఇంటిదాన్ని, నాకు తెలుసు. మా కోసం ఆగినవాళ్లు ఆ పూడిపోయిన కాలువలో మళ్లీ కదిలారో లేదో మాత్రం తెలియదు.