పార్కింగులో జరిగే అసలు మీటింగు

పరాయిదేశంలో మేముండే టకానిని అనే ఊళ్లో మావాడి స్కూలు పక్కనే ఆర్మీ క్యాంపు ఉంది. స్కూలుకు సలహాలిచ్చే తల్లిదండ్రుల కమిటీలో సగం సైనికుల కుటుంబాలవాళ్లు, మిగతా సగం మేం తెలుగువాళ్లం. అధ్యక్షురాలు ఒక సైనికుడి భార్య. "ఎవరైనా ఏమైనా చెబుతారా?" అని ఆవిడ అడిగితే మేమంతా బల్ల వైపు చూసేవాళ్లం. మీటింగయ్యాక మాత్రం పార్కింగులో గంటసేపు నిలబడి స్కూలును ఉతికి ఆరేసేవాళ్లం. హోంవర్కు ఇవ్వరు, ఎక్కాలు చెప్పరు, ఇంత చలిలో పిల్లల్ని చెప్పుల్లేకుండా తిరగనిస్తారు. అందరికంటే పెద్ద గొంతు నాదే.

ఒకసారి వెనక్కి తిరిగితే ఆవిడ నిలబడి వింటోంది. తెలుగు రాకపోయినా, మా మాటల్లో సగం ఇంగ్లీషే కాబట్టి సంగతి అర్థమైపోయింది. మేం వెంటనే వాతావరణం గురించి మాట్లాడుకున్నాం.

కొన్నాళ్లకు ఆవిడ భర్తకు బదిలీ అయింది. వెళ్లేముందు మీటింగులో తన స్థానానికి నన్ను సూచించి, "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగింది. మావాళ్లు అలవాటు ప్రకారం బల్ల వైపు చూశారు. నేనూ చూశాను.

ఇప్పుడు మీటింగయ్యాక నేను పార్కింగులోకి రాగానే గుంపులో మాటలు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఎవరో ఒకరు నా వైపు తిరిగి, "చలి బాగా పెరిగింది కదండీ" అంటారు.