సారు రాజీనామా పోస్టులో వేసిన వైనం

ఇది ఒక మహాసామ్రాజ్యం కూలిన కథ. గోదావరి సాక్షిగా సింహాసనం ఊగింది, పరివారం వణికింది, ఒక మహావీరుడు అన్నం మానేసిండు.

అంత లేదులెండి. సామ్రాజ్యమంటే భద్రాచలంలో రెండు గదుల సర్కారు ఆఫీసు. సింహాసనమంటే ఒక కోడు విరిగితే ఇటుక పెట్టిన కుర్చీ. మహావీరుడు మానేసింది కూడా రాత్రన్నమే, పొద్దున ఇడ్లీ శుభ్రంగా తిన్నడు. కూల్చింది మాత్రం నేనే. దాంట్లో అబద్ధం లేదు.

ఎనభైల నాటి మాట. నాకు డిగ్రీ వచ్చింది, బుద్ధి ఇంకా జాయిన్ కాలేదు. ఆ ఆఫీసులో టెంపరరీ గుమస్తాని. మా సూపరింటెండెంటు సుబ్బారావు గారు కోస్తా నుంచి వచ్చి సత్తుపల్లిలో స్థిరపడ్డ కుటుంబం మనిషి. ఇరవై ఏండ్ల సంది ఆయన కుడిభుజం నర్సయ్యన్న. సారు తుమ్మకముందే రుమాలు అందించేవాడు. సారు జోకుకు ముందు నవ్వి, బయటికొచ్చి ఆలోచించి, అర్థమైనంక లోపలికి పోయి ఇంకోసారి నవ్వేవాడు.

ఆ నర్సయ్యన్న కంటి ఆపరేషనుకు ఖమ్మం దవాఖానాకు పోతూ నన్ను తన జాగాలో నిలబెట్టిండు.

"నేనేం చెయ్యాలె అన్నా?"

"ఏముంది తమ్మీ! సారు చెప్పింది చెప్పినట్టు రాయి. సంతకం పెట్టించు. పైలంగ తీస్కపో. గంతే!"

ఎక్కడికి తీస్కపోవాలె? మీరైతే అడిగేవాళ్లు. నేను డిగ్రీ చదివినోణ్ని, అడగలేదు.

మొదటి రోజే మధ్యాహ్నం ఖమ్మం పెద్దాఫీసు నుంచి ఫోను. సారు లేచి నిలబడి, "అలాగే సార్, తప్పకుండా సార్" అని ఫోను పెట్టేసిండు. అది సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసుకుని, అప్పుడు గర్జించిండు.

"రాయవయ్యా రాజీనామా! నేనెవడికీ భయపడను!"

రాసిన. కాగితం చిరిగేటట్టు సంతకం పెట్టి, "తీసుకెళ్లు!" అన్నడు. తీస్కపోయిన. ఉరికి ఉరికి పోస్టాఫీసుకు.

మర్నాడు మళ్లీ ఫోను, మళ్లీ గర్జన. "రాయవయ్యా రాజీనామా!"

"నిన్ననే పంపిన గద సార్, మళ్లా ఎందుకు?"

"పంపావా? ఏం పంపావు?"

"రాజీనామా సార్. రిజిస్టర్డ్ పోస్టు. రసీదు గూడ ఉంది."

"ఎందుకు పంపావయ్యా!"

"మీరు సంతకం పెట్టిండ్రు గద సార్?"

"సంతకం పెడితే పంపేస్తావా? నర్సయ్య ఇరవై ఏళ్లుగా రోజూ రాస్తున్నాడు, ఒక్కటైనా పంపాడా?"

ఆయన రిటైర్మెంటుకు ఇంక రెండేండ్లే. రాజీనామా చేసినోడికి పెన్షను రాదనే రూలు ఆఫీసులో మాకందరికీ నేర్పింది ఆయనే. కుర్చీలో కూలబడ్డడు.

"వెనక్కి తీసుకుంటున్నానని రాయి."

రాసిన. ఈసారి బుద్ధిగా అడిగిన, "పంపాల్నా సార్?"

"పంపు... ఆగు. పరువు పోతుంది. పోనీ పంపు... ఆగవయ్యా!"

అట్ల వారం ఆగినం. హెడ్ క్లర్కు సంతాపం ప్రకటిస్తనే తన కుర్చీని రోజుకు జానెడు చొప్పున సారు పంఖా కిందికి జరిపిండు. ఆఖరికి నర్సయ్యన్న కంటికి పచ్చగుడ్డతో వచ్చిండు. సంగతి విని నెత్తి కొట్టుకున్నడు.

"పోస్టుల వేసినవా? ఆ కాగితాలల్ల నేను రోజూ మిర్చీ బజ్జీలు చుట్టుకపోతుంటి గదరా!"

అదే రోజు ఖమ్మం కవరు దిగింది. సారు చింపుతుంటే నేను గోదారి దిక్కు తిరిగి శపథం చేసిన: బతికున్నన్ని రోజులు ఏ పెద్దమనిషి కోపానికీ స్టాంపు అంటించను.

కవరులో మా రాజీనామానే ఉంది. దానికి గుచ్చిన చీటీ సారు గట్టిగా చదివిండు. "మూడు ప్రతులలో లేనందున తిరిగి పంపడమైనది."

మా ఆఫీసులో కార్బన్ పేపరు అయిపోయి అప్పటికే నెల దాటింది.