మూడుసార్లు కోసిన మడ్‌గార్డు

ముప్ఫయి నాలుగేళ్లు రైల్వేలో ఫిట్టరుగా చేసి దిగిన కూర్మారావుకి ఒక జబ్బు మిగిలిపోయింది. ఇనప వస్తువు ఏది పాడైనా బయటివాడి చేతికివ్వడు. పోపులడబ్బా మూత ఒకసారి ఆయనే బాగుచేశాడు. అది అప్పుడు పడిన మూత, ఇప్పటికీ తెరుచుకోలేదు. భార్య జయలక్ష్మి పోపుగింజలు గాజుసీసాలో పోసుకుంటోంది.

బరంపురంలో శివరామ్ ఇంటి వెనకవైపు రెండు వాటాలున్నాయి. ఒకదానిలో కూర్మారావు దంపతులు, ఇంకోదానిలో అప్పడాలు చేసి అమ్మే గురువమ్మ. మధ్య పెరట్లో ఒక రేకుల షెడ్డు. అందులో సగం కూర్మారావు మోటారుసైకిలుకి, సగం గురువమ్మ నులకమంచాలకి. ఆ సగాల మధ్య సరిహద్దు గురించి మూడేళ్లుగా ఇద్దరికీ పడదు. పోయిన నెల బండి ఆయిలు కారి ఆవిడ మంచం కోడు దాకా పాకింది. ఇల్లుగలాయన శివరామ్ ఇద్దరినీ పిలిచి ఒకటే మాట చెప్పాడు. "ఇంకొక్క ఫిర్యాదొస్తే బండి ఈదిలోకే, కూర్మారావుగారూ. ఇక నన్ననకండి."

వీధంటే ఆంబోతులు ఒళ్లు రుద్దుకునే చోటు. ఇదివరకు అక్కడ ఆర్నెల్లు ఉంచితే రెండు అద్దాలూ, సగం సీటుతోలూ పోయాయి. పందొమ్మిదేళ్లుగా తుడిచి తుడిచి పెంచుకున్న బండి. అందుకని కూర్మారావు నెలరోజులుగా షెడ్డులో పిల్లిలా నడుస్తున్నాడు.

ఇలా ఉండగా వెనక మడ్‌గార్డు మొరాయించింది. ఉప్పుగాలికి దాని చివర జానెడు మేర తుప్పుపట్టి, వంగి, టైరుని రాసుకుంటూ కిర్రుకిర్రుమంటోంది. కొత్తది వేసుకోమన్నాడు మెకానిక్కు. కూర్మారావు వాడికేసి జాలిగా చూసి వచ్చేశాడు.

నాలుగురోజుల ముసురు విడిచి ఎండ కాసిన ఆదివారం. గురువమ్మ షెడ్డు అంచున మంచాలు వాల్చి, ఛత్రపూర్ పెళ్లివారికి ఇవ్వాల్సిన అప్పడాలు పరిచింది. కూర్మారావు తన సగంలో మడ్‌గార్డు విప్పి స్టూలు మీద పెట్టి, మోకాలితో అదిమి, తుప్పుకి పైగా తెల్లటేపు చుట్టి, రంపపుబ్లేడు ఆనించాడు.

"ఏటి సేస్తన్నావు ఫిట్టరన్నియ్యా, రైలు కోస్తన్నావా?" అంది గురువమ్మ, చేతిలో అప్పడం తిప్పుతూ.

"నా సగంలో నా పని సేసుకుంటన్నాను."

"సేసుకో. మాకూ తమాసా కావాల గదా."

కోత పూర్తయ్యింది. ఎడమవైపు రెండు వేళ్లు కిందికి జారింది. దాన్ని సరిచేయడానికి కుడివైపు కోశాడు. ఇప్పుడు కుడివైపు పొట్టిదైంది. ఎడమవైపు మళ్లీ కోశాడు.

"అన్నియ్యా, మంగలోడి దగ్గర ఇలాగే నా మరిది మీసం పోయింది," అంది గురువమ్మ. "ఇంకో రెండుసార్లు కోస్తే సీటు కాడికి ఎల్లిపోతావు. అప్పుడింక మడ్‌గార్డే అక్కర్నేదు."

కూర్మారావు పళ్లు నూరాడు. జవాబిస్తే అది ఫిర్యాదు దాకా పోతుందని భయం. ఇసక సంచి మీద పెట్టి చెక్కసుత్తితో అంచుని మెల్లగా లోపలికి వంచాడు. నిజం చెప్పాలంటే ఆ వంపు బాగానే కుదిరింది. ఆ సంతోషంలో చెమట గుర్తుకొచ్చి, జయలక్ష్మి చేత టేబుల్‌ఫ్యాను తెప్పించి వెనక పెట్టించుకున్నాడు. తర్వాత ఆకురాయి తీసి కోసిన అంచుని గంటసేపు అరగదీశాడు.

లేచి నడుం విరుచుకుంటే కనిపించింది. దగ్గరి మంచం మీది అప్పడాలు సన్నగా మెరుస్తున్నాయి. ఫ్యాను ఎటు తిరిగి ఉందో అప్పుడు చూసుకున్నాడు. ఇనపరజను పోయి పోయి అక్కడే వాలింది.

గురువమ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది. చెబితే బండి వీధిలోకి. చెప్పకపోతే? ఎవరు చూడొచ్చారు, జీలకర్రలో కలిసిపోతుంది అనుకున్నాడు. ఫ్యాను తీసి లోపల పెట్టేశాడు. ఆ పూట అన్నం మాత్రం రెండు ముద్దలే తిన్నాడు.

ఆ సాయంత్రం మళ్లీ తుంపర పడి, సగం ఎండిన అప్పడాలు షెడ్డులోపలే చెమ్మపట్టాయి. తెల్లారేసరికి ఒక మంచం అప్పడాలన్నీ ఎర్రచుక్కలు పూశాయి. గురువమ్మ అరవలేదు. ఒక అప్పడం పళ్లెంలో పెట్టుకుని నేరుగా వెళ్లి శివరామ్‌ని వెంటబెట్టుకొచ్చింది.

"ఏటిది బాబూ, మీరే సెప్పండి."

"జీలకర్ర మంచిది కాదేమో," అన్నాడు కూర్మారావు, గుమ్మంలోంచి.

"పాతికేళ్ల బట్టి అప్పడాలు సేస్తన్నాను. జీలకర్ర ఎర్రగా పూసింది ఎప్పుడూ సూడనేదు. నీ మేగ్నెట్టు ఇలా ఇయ్యి."

కూర్మారావు జేబులు తడుముకున్నాడు. రైల్వేవాళ్లు వీడ్కోలు రోజు ఇచ్చిన అయస్కాంతం అది. నట్టు ఎక్కడ పడినా దాంతోనే తీసేవాడు. వీధి వీధంతా పిలిచి చూపించేవాడు.

"అది ఎక్కడో పోయినాది," అన్నాడు.

"గూట్లోనే ఉన్నాది," అంది లోపలినుంచి జయలక్ష్మి. అనడమే కాదు, తెచ్చి గురువమ్మ చేతిలో పెట్టింది. పోపులడబ్బా ఆవిడింకా మరిచిపోలేదు.

గురువమ్మ అప్పడాలమీద దాన్ని నిదానంగా తిప్పి పైకెత్తింది. అయస్కాంతానికి గడ్డం మొలిచింది. నల్లగా, గుబురుగా.

శివరామ్ ఆ గడ్డాన్ని చూశాడు, కూర్మారావుని చూశాడు.

"నిన్ననే సూసేరా మీరు?"

కూర్మారావు నేల చూశాడు. "సూసేను బాబూ."

"సూసీ సెప్పనేదు. హెలా," అన్నాడు శివరామ్ ఒరియాలో. "సాలింక. సాయంత్రానికి బండి బయటుండాల."

అరవయ్యొక్కేళ్ల కూర్మారావు షెడ్డులోకి నడిచాడు. బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అప్పుడు గురువమ్మే అంది, జాలేమీ లేని గొంతుతో.

"ఉండండి బాబూ. బండి పోతే ఈయన కుర్సీ ఏసుకుని రోజంతా నా మంచాల పక్కనే కూకుంటాడు. నానది భరించనేను. ఎల్లుండికి పెళ్లోరికి అప్పడాలియ్యాల. పిండి మళ్లీ కలపాల. నా సేతులు పడిపోనాయి. ఈయన్ని దంచమనండి. అప్పడాలు ఈయనే ఇచ్చి రావాల."

శివరామ్ చూశాడు. కూర్మారావు తల ఊపాడు.

ఆ పూటంతా మినప్పిండి ముద్దని రోకలితో దంచాడు. గురువమ్మ పక్కనే నూనె రాస్తూ కూర్చుంది.

"తిన్నగా కొట్టు. ఇది మడ్‌గార్డు కాదు."

"కొడతన్నాను గదా."

"ఎడమ పక్క సాగింది. ఇంక దాన్ని కోసెయ్యకు."

బుధవారం బండికి ఆ కోసిన మడ్‌గార్డే బిగించి, అప్పడాల డబ్బా ముందు కట్టుకుని ఛత్రపూర్ వెళ్లి ఇచ్చొచ్చాడు. వెళ్లేటప్పుడు కిర్రుమనలేదు. దారిపొడుగునా తన పనికి తానే మురిసిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు వాన అందుకుంది. మూడుసార్లు కోసిన మడ్‌గార్డు టైరుని ఎంతవరకు కప్పిందో, బురద ఎంతవరకు ఎగిరిందో ఆయనకి తెలియదు, వీపు కనబడదు కదా. గేటు దగ్గర జయలక్ష్మి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు తడుముకున్నాడు. నడుం నుంచి మెడ దాకా ఒకటే చార.

బండిని షెడ్డులో తన సగంలో, వెనకచక్రం గోడవైపు పెట్టి ఆపాడు. గురువమ్మ మంచాలు తుడుస్తోంది. ఆయన వీపు గోడకి ఆనించి, పీతలా పక్కకి జరుగుతూ తన గుమ్మం వైపు నడిచాడు. ఆవిడ తలెత్తలేదు.

"ఇచ్చినావా?"

"ఇచ్చినాను. తడవనేదు."

"సరే. ఆ వీపుతో నా మంచాల వేపు రాకు."